తాళంచెవి లైను

చెప్పుల దుకాణం మీద రెండు గదులు. మెట్లెక్కుతుంటే కొత్త రబ్బరు వాసన సగం దూరం వెంట వచ్చి ఆగిపోతుంది. అక్కడినుంచి కంప్యూటర్ల వెచ్చని వాసన మొదలవుతుంది. ఆ రెండు వాసనలూ కలిసే మెట్టు మీద ఆమె రోజూ ఒక్క క్షణం ఆగి కళ్ళజోడు తుడుచుకుంటుంది. కింది మెట్టు దాకా ఆమె ఒకరికి భార్య, ఒకరికి వదిన. పై మెట్టు నుంచి మేడం.

పదకొండేళ్ళుగా అక్కడ వెబ్ ఫ్రేమ్‌వర్క్ నేర్పుతోంది. అదేమిటని ఎవరైనా అడిగితే, ఇల్లు కట్టుకునేవాళ్ళకి స్తంభాలూ దూలాలూ ముందే నిలబెట్టి ఇచ్చినట్టు అని చెప్పేది. గోడలు మనం లేపుకోవాలి, కిటికీ ఎటు పెట్టుకోవాలో మన ఇష్టం. కొత్త బ్యాచ్ మొదటి రోజున ఒక చిన్న ఫారం చేయించేది. పేరు, ఫోన్ నంబరు, కింద ఒక బటన్. బటన్ నొక్కితే తెర మీద ‘మీ వివరాలు అందాయి’ అని రావాలి. ఆ మూడు మాటలు వచ్చినప్పుడు పంతొమ్మిది తెరల ముందు పంతొమ్మిది ముఖాలు విచ్చుకునేవి. మధ్యాహ్నపు వెలుతురు కిటికీ చువ్వల్లోంచి పడి, ఆ ముఖాల మీద చారలు చారలుగా వణికేది. ఆమెకు ఈ వృత్తిలో దక్కిన సుఖమంతా ఆ ఒక్క నిమిషంలోనే ఉంది.

ఆ నిమిషం కోసమే బోర్డు పైన, అన్నిటికంటే ముందు, ఒక లైను రాసేది.

“ముందు ఇది కొట్టండి. దీన్ని తాళంచెవి లైను అంటాం. ఎందుకో తర్వాత చెప్తాను.”

ఆ తర్వాత అన్నది ఏ బ్యాచ్‌కీ రాలేదు.

పుస్తకం రాయమని అడిగింది మరిది. అతనికి ప్రెస్సు ఉంది. పోటీపరీక్షల పుస్తకాలు, కంప్యూటర్ పుస్తకాలు వేస్తుంటాడు. ఒక ఆదివారం ఉదయం వేళ్ళకు సిరాతో వచ్చి, వంటగది గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

“వదినా, నువ్వొక పుస్తకం రాయాలి. ఫ్రేమ్‌వర్క్ మీద. తెలుగులో సరైనది ఒక్కటీ లేదట.”

“నేను రాస్తే ఎవరు చదువుతారయ్యా?”

“నేను మాత్రం చదవను. నాకు అర్థం కాదు. అర్థం కానివి అచ్చు వేయడం నాకు అలవాటే.”

ముందు గదిలోంచి ఆమె భర్త అన్నాడు. “వాడికి అర్థమైనవే వేస్తానని కూర్చుంటే ఆ ప్రెస్సులో క్యాలెండర్లు కూడా అచ్చు కావు.”

“చూశావా వదినా, సొంత అన్నయ్య. సరే, ముందు నాకు విషయాల జాబితా కావాలి. ఏ అధ్యాయాలు, ఏ వరసలో. పిల్లలు ఎక్కడ తడబడతారో వాళ్ళనే అడుగు. పాతవాళ్ళని కూడా అడుగు. నువ్వు అడిగితే ఎవరు కాదంటారు?”

ఎవరూ కాదనలేదు. కీబోర్డు వచ్చిన అట్టపెట్టెకు కన్నం చేసి, ‘పుస్తకంలో ఏముండాలి? చీటీ వేయండి’ అని రాసి తలుపు పక్కన పెట్టింది. పాత విద్యార్థుల్లో నంబర్లు ఉన్నవాళ్ళకి ఫోన్లో అదే మాట పంపింది. వారం తిరిగేసరికి పెట్టె నిండింది. సాయంత్రం క్లాసు మొదలయ్యేలోపు ఆ చీటీలు బల్ల మీద పరిచి ఒక్కొక్కటీ చదువుతుంటే, ఫ్యాను గాలికి అవి రెక్కలల్లార్చేవి. వాటి మీద స్టేప్లరూ, డస్టరూ, తన మోచెయ్యీ బరువు పెట్టుకుని నోటుపుస్తకంలో ఎక్కించుకునేది.

‘సర్వర్ అంటే ఎక్కడుంటుంది? మా అమ్మ అడిగింది, నాకు చెప్పడం రాలేదు.’

‘డేటాబేస్‌లో పొరపాటున తుడిచేసినవి వెనక్కి తెచ్చుకోవడం ఎలా? మేడం, పుస్తకం దాకా ఆగలేను, రేపే చెప్పండి.’

‘పాస్‌వర్డ్ మర్చిపోయామని చెప్పేవాళ్ళని ఎంతవరకు నమ్మాలి?’

‘ఫారంలో ప్రేమలేఖ పంపితే జవాబు రాలేదు. ఇది ఎవరి ఎర్రర్?’

చివరిది చదివి గట్టిగా నవ్వింది. ఆ చేతిరాత ఎవరిదో తెలుసు. అతను ఎవరికి పంపి ఉంటాడో కూడా తెలుసు. జాబితా ఇరవై దాటింది, ఇరవై అయిదు దాటింది. ఇన్నేళ్ళూ తను చెప్పిన పాఠాలు ఎక్కడెక్కడో మొలకెత్తి, మళ్ళీ ప్రశ్నలై తన బల్ల మీదికి వచ్చి వాలుతున్నాయి అనిపించింది. ఆ వారమంతా మెట్లు త్వరత్వరగా ఎక్కింది.

మంగళవారం నాడు కొరియర్ వచ్చింది. సంతకం పెట్టి కవరు చించింది. లోపల గీతల కాగితం, గుండ్రని చిన్న అక్షరాలు.

‘మేడం, పుస్తకానికి విషయాలు అడిగారు కదా. తాళంచెవి లైను గురించి ఒక అధ్యాయం పెట్టండి. దాన్ని ఎందుకు రాయకూడదో చెప్పండి. కంటి ఆసుపత్రి సైటులో నేను ఆ లైను రాశాను. ఏం జరిగిందో మీ చెవిన పడే ఉంటుంది. ఇట్లు, గుండుసూది.’

గుండుసూది అంటే నాలుగేళ్ళ కిందటి బ్యాచ్‌లో రెండో వరసలో కూర్చున్న అమ్మాయి. సన్నగా, పొట్టిగా ఉండేది. ప్రశ్న అడిగితే సూటిగా దిగేది. ఆ పేరు పెట్టింది తోటి పిల్లలు, ఖాయం చేసుకుంది ఆ అమ్మాయే.

చెవిన పడింది. అప్పట్లో ఎవరో వచ్చి చెప్పారు. ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు వాళ్ళు కంటి ఆసుపత్రికి సైటు చేశారట. రోగులు డాక్టరును ఎప్పుడు చూడాలో అందులో రాసుకుంటారు. ఒకరోజు రిసెప్షన్‌లో ఉన్నావిడ ఆ సైటు తెరిచి ఉంచి, ఎవరో పంపిన శుభాకాంక్షల లింకు నొక్కిందట. పువ్వులు రాలుతున్న పేజీ. ఆ పువ్వుల వెనక దాక్కున్న ఫారం ఒకటి, ఆవిడ పేరుతోనే ఆసుపత్రి సైటుకు వెళ్ళి, మర్నాటి అపాయింట్‌మెంట్లన్నీ రద్దు చేసేసింది. గిట్టనివాళ్ళు చేశారో, సరదాకి చేశారో తేలలేదు. నూట నలభై మంది. కళ్ళు సరిగా కనబడనివాళ్ళు, ఎవరి భుజమో పట్టుకుని రెండేసి బస్సులు మారి వచ్చినవాళ్ళు, వరండాలో నిలబడి నిలబడి వెనక్కి వెళ్ళారు. సైటు రాసిన అమ్మాయిని పనిలోంచి తీసేశారు.

ఆ రోజు ఆమె ‘అయ్యో’ అంది. ఎందుకలా జరిగిందని మాత్రం అడగలేదు. అడగాల్సిన అవసరం ఆమెకు లేదు.

పేజీ తెరిచినప్పుడు ఫ్రేమ్‌వర్క్ ప్రతి ఫారంలోనూ కంటికి కనబడని ఒక గుర్తు పెడుతుంది. ఫారం తిరిగొచ్చినప్పుడు ఆ గుర్తు చూసి, ఇది నా దగ్గర్నుంచి వెళ్ళినదే అని లోపలికి రానిస్తుంది. గుర్తు లేకపోతే గుమ్మంలోనే ఆపేస్తుంది. పదకొండేళ్ళ కింద, తొలి బ్యాచ్‌కు ముందు రోజు, ఆమె చేసిన ఫారం అలాగే గుమ్మంలో ఆగిపోయింది. ఎంత తన్నుకున్నా లోపలికి పోలేదు. ఎక్కడో ఎవరో రాసిన జవాబులో ఒక లైను దొరికింది. అది పెట్టగానే ఫారం చక్కగా వెళ్ళిపోయింది. దాన్ని తాళంచెవి అనుకుంది. అది తలుపునే ఊడబీకి పక్కన పెట్టే లైను. గుర్తు అడగొద్దు, ఎవరొచ్చినా రానివ్వు అని చెప్పే లైను.

అప్పటికి తెలియదు, నిజమే. తెలిసింది నాలుగేళ్ళ కింద. వేరే సంగతి కోసం ఫ్రేమ్‌వర్క్ వాళ్ళు రాసిన వివరాల పేజీ తిరగేస్తుంటే కంటబడింది. చదివింది. ఎవరైనా చూస్తున్నారా అన్నట్టు చుట్టూ చూసింది. ఖాళీ గది, మూత వేసిన కంప్యూటర్లు. పేజీ మూసేసింది. తర్వాతి సోమవారం కొత్త బ్యాచ్. బోర్డు ముందు నిలబడి సుద్ద పట్టుకున్నప్పుడు, ఈసారి సరిగ్గా చెబుదామనే అనుకుంది. కానీ పాత బ్యాచ్ వాళ్ళు ఇద్దరు మళ్ళీ వినడానికి వచ్చి వెనక కూర్చున్నారు. ఎందుకు మార్చారు మేడం అని అడుగుతారు. అడిగితే ఇన్నేళ్ళూ ఏం చెప్పాననేది బయటపడుతుంది. సుద్ద తనంతట తనే నడిచినట్టు ఆ లైను రాసేసింది. రెండో వరసలో గుండుసూది తల వంచుకుని దాన్ని ఎక్కించుకుంది.

ఆ తర్వాత ప్రతి బ్యాచ్‌కూ మరింత కష్టమైంది. అబద్ధానికి ప్రతి ఆరు నెలలకూ ఒక అంతస్తు వేస్తున్నట్టు ఉండేది.

ఉత్తరం మళ్ళీ మడిచి, హ్యాండ్‌బ్యాగులో జిప్పు ఉన్న అరలో పెట్టింది. నోటుపుస్తకంలో ఎక్కించలేదు. శనివారం జాబితా సాపు రాసి మరిదికి పంపింది. ముప్పై ఒక్క విషయాలు.

ఆదివారం అతను మెరిసే ముఖంతో వచ్చాడు.

“వదినా, నాలుగో అంశం చూసి భయపడ్డాను. ‘ఫారం పంపడం, అందుకోవడం’ అట. మా దగ్గర ఫారం అంటే పదహారు పేజీలు. అది పంపిస్తే మోయడానికి మనిషి కావాలి.”

“మా ఫారానికి బరువుండదులే.”

“బరువు లేకపోతే తప్పులూ ఉండవా? మాకైతే ఒకసారి ఫారం అచ్చయిందంటే ఇక అంతే. తప్పొప్పుల పట్టిక వేసుకోవాల్సిందే. నేనైతే దానికి ముందే ఒక పేజీ వదిలేస్తా. అందులో సిగ్గేముంది, అందరి పుస్తకాల్లోనూ ఉంటుంది.” అని, సంచిలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచాడు. “అసలు సంగతి ఇది. మా దగ్గర టైపు చేసే అమ్మాయి నీ శిష్యురాలేగా. మీ మేడం క్లాసులో బాగా గుర్తున్నదేంటని అడిగితే, ఠక్కున తాళంచెవి లైను అంది. భలే పేరు కదూ! పుస్తకానికి అదే పెట్టేశాను.”

నీలం అట్ట. మధ్యలో బంగారు రంగు తాళంచెవి. కింద ఆమె పేరు.

భర్త కళ్ళజోడు పైకి జరుపుకుని చూసి, “బాగుందోయ్” అన్నాడు. అతను ఆమె పని గురించి అలా మెచ్చుకోలుగా అనడం ఎప్పుడోగాని జరగదు. ఆమె ముఖం వేడెక్కింది. వాళ్ళిద్దరూ అది సిగ్గనుకున్నారు. సిగ్గే. వాళ్ళనుకున్నది కాదు.

“మొదటి అధ్యాయం అదే రాయి” అన్నాడు మరిది. “వెయ్యి కాపీలు వేస్తున్నా.”

వెయ్యి. ఇన్నాళ్ళూ పంతొమ్మిదేసి మంది. ఆమెకు ఎక్కడో ఒక వరండా కనిపించింది, చేతులు ముందుకు చాచి గోడ కోసం తడుముకుంటున్న మనుషులు కనిపించారు. తలనొప్పిగా ఉందని లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం, ఉత్తరం వచ్చిన కవరు మీది ముద్ర చూసుకుని ఆ కొరియర్ ఆఫీసు వెతుక్కుంటూ వెళ్ళింది. బస్టాండు వెనక సందులో ఒక పొడుగాటి గది. కౌంటరు, తూకం, గోడ పొడవునా పార్సిళ్ళు. కౌంటరు వెనక గుండుసూది ఒక అట్టపెట్టెకు టేపు చుడుతోంది. టేపు లాగినప్పుడల్లా గది మొత్తం చిరిగిపోతున్నంత చప్పుడు.

“రండి మేడం. ఏదైనా పంపాలా?”

“లేదమ్మా. నీ ఉత్తరం అందింది.”

“తెలుసు మేడం. కంప్యూటర్లో కనబడుతుంది. పోయిన మంగళవారం, పదకొండున్నరకి, మీరే సంతకం పెట్టారు.” ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే కొంత సుఖంగా ఉండేది.

ఇంతలో ఒక పెద్దాయన వచ్చి కాగితంలో చుట్టిన పొట్లం తూకం మీద పెట్టాడు.

“లోపల ఏముంది తాతగారూ?”

“కాలిచెప్పు అమ్మా. మా మనవరాలిది.”

“ఒక్కటేనా?”

“రెండోది వేసుకునే వెళ్ళిందిగా.”

“మరి రెండో కాలికి?”

“ఇంకో జతలోది వేసుకెళ్ళింది. రైలు దిగాక చూసుకుందట. ఆ జతలో మిగిలింది కూడా ఇందులోనే ఉంది.”

“అంటే రెండు.”

“రెండే, కానీ జత కాదు కదమ్మా!”

గుండుసూది నవ్వింది. నాలుగేళ్ళ కింద రెండో వరసలో ‘మీ వివరాలు అందాయి’ అని తెర మీద చూసి నవ్విన నవ్వే. పెద్దాయన రసీదు జేబులో పెట్టుకుని వెళ్ళాడు. నవ్వు మెల్లగా ఆరిపోయింది.

“మేడం, ఆఫీసులో అందర్నీ కూర్చోబెట్టి, ఇది నీకెవరు నేర్పారని అడిగారు. నేను చెప్పలేదు. ఎక్కడో చూసి దించుకున్నానన్నాను. ఇక్కడ నాకు బాగానే ఉంది, మీరేం అనుకోకండి. ఒక్కటి మాత్రం అడగాలని ఉంది.” టేపు చుట్ట చివర వెతుకుతూ, తల ఎత్తకుండానే అడిగింది. “మీకు తెలిసి చెప్పారా, తెలియక చెప్పారా?”

తెలియక అనవచ్చు. ఆ అమ్మాయి నమ్ముతుంది. నమ్మడానికి సిద్ధంగా ఉంది కూడా. అందుకే తల వంచుకుని, ఆ అబద్ధం వచ్చి కూర్చోవడానికి చోటిచ్చినట్టు నిలబడింది. వీధిలో ఏదో బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది.

“తెలిసే చెప్పాను.”

గోరు టేపు చివర దగ్గర ఆగిపోయింది.

“మా బ్యాచ్ అప్పటికే తెలుసా?”

“అంతకు ముందు వారమే తెలిసింది. మార్చడానికి మొహం చెల్లలేదు.”

గుండుసూది టేపు చుట్ట కౌంటరు మీద పెట్టేసింది. తర్వాత సన్నగా అంది. “మా అన్నయ్య ఒకసారి, మీ మేడంకే రాదేమోనే అన్నాడు. వాడితో నెల రోజులు మాట్లాడలేదు నేను.”

“నన్ను క్షమించ...”

“నాకెందుకు మేడం? నాకెలాగూ తెలిసిపోయింది. తెలియనివాళ్ళు ఎంతమంది ఉన్నారు? వాళ్ళకి చెప్పండి.” అంటూ గుండుసూది ఆమె భుజం మీదుగా వెనక్కి చూసింది. “కాస్త పక్కకి జరుగుతారా, వెనక మనిషి నిలబడ్డారు.”

ఆమె పక్కకి జరిగింది. ఇంకాస్త జరిగింది. అలా జరుగుతూ జరుగుతూ వీధిలోకి వచ్చేసింది.

అక్కడే, ఒక మూసిన షట్టరు నీడలో నిలబడి మరిదికి ఫోన్ చేసింది. అన్నీ చెప్పింది, ఉత్తరం దాచిన సంగతితో సహా. అవతల ప్రెస్సు మోత మాత్రమే వినిపిస్తోంది.

“ఆ ఒక్క లైను తీసేసి పుస్తకం వేసుకుంటే పోలా?” అన్నాడు చివరికి. “మిగతాదంతా ఎవరడిగారు వదినా నిన్ను?”

“ఒకమ్మాయి అడిగింది.”

“రేపు నీ దగ్గరికి ఎవరొస్తారో ఆలోచించావా?”

“ఆలోచించే నాలుగేళ్ళు చెప్పలేదు.”

మోత ఆగింది. ఎవరినో మిషను ఆపమన్నట్టున్నాడు. “అట్ట ఆపేస్తాలే. అన్నయ్యకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

“నేనే చెప్తాను.”

చెప్పింది. భోజనం మధ్యలో భర్త ఒకసారి, “వాళ్ళంతా రోగులు కదూ” అన్నాడు. అంతే.

మంగళవారం క్లాసులో బోర్డు మీద ఆ లైను రాసి, అడ్డంగా గీత కొట్టింది. అందులో ఏముందో, తనకు ఎప్పటినుంచి తెలుసో, ఎందుకు చెప్పలేదో చెప్పింది. పిల్లలు కళ్ళెత్తలేదు. పెద్దవాళ్ళ బట్టలు జారినప్పుడు చూపు తిప్పుకున్నట్టు తెరల వైపు తిప్పుకున్నారు. మర్నాడు ఆరు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

బీరువాలోంచి హాజరు పట్టీలు తీసింది. అట్టలు ఊడినవి, చెద అంచు కొరికినవి, మొత్తం ఇరవై ఒకటి. ప్రతి పేరు పక్కనా ఒక ఫోన్ నంబరు. క్లాసుకూ క్లాసుకూ నడుమ, కిటికీ పక్కన కూర్చుని చేయడం మొదలుపెట్టింది. చాలా నంబర్లు మారిపోయాయి. ఒకడు ఇళ్ళకు రంగులు వేయిస్తున్నాడట, ‘ఏ మేడం? ఏ లైను?’ అని అడిగి, మీ ఇంటికి రంగేమైనా వేయాలా అన్నాడు. ఒకావిడ చంకలో బిడ్డ ఏడుస్తుంటే, పెన్ను లేక కాటుకతో గోడ మీద రాసుకుంటున్నానంది. ఒకతను అంతా విని, మారు మాట్లాడకుండా పెట్టేశాడు. ‘నేను మీకు తప్పు నేర్పాను’ అన్న మాట వాడకంతో అరుగుతుందనుకుంది గానీ, అరగలేదు.

ఎనిమిదో రోజున తొలి బ్యాచ్ పట్టీ తెరిచింది. మొదటి పేరు నిచ్చెన అని పిలిచే పొడుగు కుర్రాడిది. ఇప్పుడు ఎక్కడో పెద్ద హోదాలో ఉన్నాడని విన్నది. మొదటి రింగుకే ఎత్తాడు.

“మేడం! మీరు ఫోన్ చేయడమేమిటి? చెప్పండి మేడం.”

చెప్పింది. అతను మధ్యలో అడ్డురాలేదు.

“దాన్ని నేను మొదటి ఉద్యోగంలో, మొదటి వారంలోనే తీసేశాను మేడం” అన్నాడు మెల్లగా. “మా బ్యాచ్‌లో అందరికీ తెలుసు.”

“తెలుసా?”

“పదేళ్ళవుతుంది. మీతో చెబుదామని ఒకసారి మెట్ల దాకా వచ్చాం కూడా. మీరు నొచ్చుకుంటారని మళ్ళీ దిగిపోయాం.”

ఆమె హాజరు పట్టీ మీద వేలు పెట్టి అలాగే ఉంచింది. వేలి కింద అక్షరాలు పచ్చబడి ఉన్నాయి.

“మరి ఆ తర్వాత మీ తమ్ముణ్ణి కూడా నా దగ్గరికే పంపావు కదా?”

“పంపాను మేడం. మీలా చెప్పేవాళ్ళు ఎవరున్నారు?” అని కాస్త తటపటాయించాడు. “వాడికి ముందే చెప్పి పంపాను. ఆ ఒక్క లైను మాత్రం క్లాసులో అందరిలాగే టైపు చెయ్, ఇంటికొచ్చి చెరిపేయ్, మేడం ముందు ఏమీ అడక్కు అని.”

ఆ తమ్ముడు ఆమెకు బాగా గుర్తున్నాడు. మూడో వరస, గోడ పక్క కుర్చీ. ఆమె బోర్డు మీద ఆ లైను రాసి వెనక్కి తిరిగేసరికి, అందరికంటే ముందే, ఎంతో శ్రద్ధగా, టకటకా కొట్టేస్తూ కనిపించేవాడు. ఎంత మర్యాదస్థుడు అనుకునేది.

“ఉన్నారా మేడం?”

“ఉన్నానయ్యా” అంది. “పట్టీలో నీ తర్వాతి పేరు పక్కన నంబరు చెద కొరికేసింది. అతనిది కొత్తదేమైనా ఉంటే చెప్పు, రాసుకుంటాను.”